వేలు దిగే రోజు

ఓట్ల లెక్కింపు రోజున టీవీ యాంకర్ తన తెర మీది పటంలో ఏ నియోజకవర్గాన్ని ముట్టుకుంటే, అక్కడి ఇళ్ళ మీదికి ఆకాశంలోంచి అతని వేలు దిగుతుంది. అందుకే గుండ్లవాగులో ముందురోజే తహసీల్దారు కార్యాలయం వాళ్ళు ఆటోకి మైకు కట్టి తిరిగారు. దాబాల మీద వడియాలు పెట్టవద్దనీ, వేలు కనబడగానే మంచాల కిందికి వెళ్ళాలనీ చెప్పి పోయారు.

రిటైరైన లెక్చరర్ కోదండపాణికి ఆ ప్రకటన కంఠతా వచ్చు. పోయిన ఎన్నికల్లో ఆయన భార్య శారదాంబ ఆరేసిన బట్టలు తేవడానికి దాబా ఎక్కి, దిగిన వేలికి అంటుకుని స్టూడియోకి వెళ్ళిపోయింది. విరామంలో యాంకర్ చేతిరుమాలుతో వేలు తుడుచుకున్నాడు. ఛానల్ వారు సంతాపం తెలిపి, ఆ రుమాలు ఉతికించి పంపారు. ఇస్త్రీ కూడా చేయించారు, అంతవరకు మంచివాళ్ళేనని కోదండపాణి అనుకున్నాడు. ఇక ఆయనకు మిగిలింది కూతురు హైమవతి ఒక్కతే.

పోటాపోటీగా ఉన్నచోటే వేలు ఎక్కువసేపు ఆగుతుందని అందరికీ తెలుసు. ఫలితం ముందే తేలిపోతే యాంకర్ ముట్టుకోడు. అందుకని ఈసారి నియోజకవర్గమంతా కూడబలుక్కుని, గెలిచేలా ఉన్నవాడికే ఓటెయ్యాలని నిర్ణయించుకుంది.

"ఆయన మన వీధిలో ఒక్క బల్బు వేయించలేదు నాన్నా. ఆయనకెందుకు వెయ్యాలి?" అంది హైమవతి.

"బల్బు లేకపోతే టార్చి వేసుకుందాం తల్లీ. పట్టుకోడానికి నువ్వుండాలిగా."

పోలింగు రోజున ఆమె వెళ్ళి వేసి వచ్చింది.

లెక్కింపు రోజున పక్కింటి మీరాబీ వీళ్ళింటికే వచ్చింది. "మాది మడత మంచం మాస్టారూ, అదేం ఆపుద్ది?" అంటూ టీవీ ముందు కూర్చుంది. మొదటి రౌండు ఏకపక్షం. రెండోదీ అంతే. కోదండపాణి ఊపిరి పీల్చుకుని కాఫీ కలపమన్నాడు.

"ఇదిగో, గుండ్లవాగు చూడండి!" అన్నాడు యాంకర్. "ఇంత ఏకపక్షం ఇంకెక్కడా లేదు. ఒకసారి పెద్దది చేసి చూద్దాం."

ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. గదిలో వెలుతురు తగ్గిపోయింది. ముగ్గురూ మంచం కిందికి దూరారు.

"మరీ అందరం వేసేశాం మాస్టారూ. కొందరం ఇంటికాడ ఉండాల్సింది."

"వచ్చేసారి కాస్త తక్కువ వేద్దాం పిన్నీ," అంది హైమవతి.

పెద్దది చెయ్యాలంటే రెండు వేళ్ళు కావాలి. రెండూ దిగాయి. గది సాగడం మొదలైంది. పక్కనే ఉన్న కూతురు దూరం జరిగిపోతుంటే కోదండపాణి ఆమె మణికట్టు పట్టుకుని వదల్లేదు. కిటికీ నిండా ఒక గోరు కనబడింది. పొట్టిగా, శుభ్రంగా కత్తిరించి ఉంది. అదే పదివేలనుకున్నాడు.

టీవీ ఇంకా మోగుతూనే ఉంది. "ఇక్కడి ప్రజలు ఎవరికీ భయపడకుండా తీర్పు చెప్పారు," అన్నాడు యాంకర్.

మంచం కింద ముగ్గురూ అవునన్నట్టు తలలూపారు.

"మెల్లగా ఊపమ్మా," అన్నాడు కోదండపాణి గుసగుసగా, "పైకి కనబడుతుంది."