ఓడిపోయే టీము ఒంటికి మంచిది

బీపీ ఉన్నవాళ్లందరికీ నాదొక సలహా. గోళీలు మానకండి గానీ, వాటితో పాటు ఒక ఓడిపోయే బాస్కెట్‌బాల్ టీమును కూడా పట్టుకోండి. అప్పుడొకసారి ఇప్పుడొకసారి ఓడేది పనికిరాదు. ఏళ్ల తరబడి నమ్మకంగా ఓడేది కావాలి. ఆరు నెలల్లో మీ మనసు కుండలో నీళ్లలా చల్లబడకపోతే నన్నడగండి!

నవ్వకండి. గెలిచే టీము వెనక తిరిగేవాళ్ల బతుకు ఎప్పుడైనా చూశారా? మ్యాచ్ ముందురోజు అన్నం సయించదు. మ్యాచ్ రోజు గొంతు పోతుంది. గెలిస్తే కనిపించిన ప్రతివాడికీ చాయ్ తాగించాలి. ఓడితే వారం రోజులు మొహం దాచుకు తిరగాలి. ఎందుకొచ్చిన బాధ? ఓడే టీము అభిమానికి ఆట మొదలుకాక ముందే ఫలితం తెలుసు. హాయిగా బఠానీలు నములుతూ కూర్చుంటాడు. చోటుకేం తక్కువ? కాళ్లు చాపుకోవచ్చు, కావాలంటే ఒక కునుకు కూడా తీయవచ్చు!

నా మాట మీద నమ్మకం లేకపోతే మొగులయ్యను చూడండి. జిన్నారం మనిషి. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరు. యాభై దగ్గర పడుతున్నా ఒక్క జబ్బు లేదు. కారణం వాళ్ల ఫ్యాక్టరీ బాస్కెట్‌బాల్ టీము.

ఆ టీము అల్లాటప్పా టీము కాదు. తొంభైలో కంపెనీవాళ్లకు పేపర్లో పేరు చూసుకోవాలని బుద్ధి పుట్టింది. ఐదుగురు పొడుగాటి ఆటగాళ్లను ఏరి, ఆడటానికే జీతమని కాగితమిచ్చి తీసుకున్నారు. గేటు పక్కన సిమెంటు కోర్టు వేశారు. ఐదుగురిలో మరీ పొడుగు బర్నబా. ఫ్యాక్టరీలో ప్రతి తలుపు దగ్గరా తల వంచే మనిషి.

ఆ తర్వాత ఆరేళ్లలో ఫ్యాక్టరీల లీగ్‌లో వాళ్లు ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఆట రాకనా? అబ్బే! పనెక్కువైందని, ‘తాత్కాలికంగా’ అని, ఐదుగురినీ సెంట్రిఫ్యూజ్‌ల మీద వేశారు. మందు పొడిలోంచి తడిని గిరగిరా తిప్పి పిండే యంత్రాలవి. కలిసి ఉంటే ఆట బాగుపడుతుందని ఐదుగురికీ ఒకే షిఫ్టు ఇచ్చారు. ఎంత ముందుచూపు! ఆ షిఫ్టు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. మ్యాచ్‌లు సాయంత్రం నాలుగింటికి!

అందుకని మ్యాచ్ రోజు గంటన్నర ఔట్‌పాస్ ఇచ్చేవారు. చేతుల నిండా తెల్లపొడితో వచ్చేవాళ్లు, కళ్లు కోర్టు మీద కంటే సెంట్రిఫ్యూజ్ షెడ్డు మీదే ఎక్కువ ఉండేవి. ఒకసారి బర్నబా బంతి పట్టుకుని రింగు కింద ఎగరబోతున్నాడు. సూపర్‌వైజరు షెడ్డు తలుపులోంచి కేక వేశాడు.

“బర్నబా! పొడి గడ్డకడ్తున్నది, జల్దీ రా!”

పాపం, క్రమశిక్షణ గల మనిషి. పక్కనున్నవాడి చేతిలో బంతి పెట్టి ఉరికాడు. ఆ పక్కనున్నవాడు అవతలి టీమువాడు! ఆ రోజు స్కోరు అరవై రెండు, పద్నాలుగు. మొగులయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఎందుకంటే కిందటేడు పన్నెండే.

ఆ టీముకు మొత్తం ఐదుగురు అభిమానులు. ఐదుగురూ పొద్దటి షిఫ్టు దిగి, ఇంటికి పోకుండా కోర్టు పక్కన కూర్చునేవాళ్లే. మొగులయ్య ఇంటికి చేరేసరికి భార్య కౌసల్య గడపలోనే అందుకునేది.

“ఎంతకు ఓడిండ్రు?”

చూశారా! ఎవరు గెలిచారన్న ప్రశ్నే లేదు. సగం మాటలు ఆదా. సంసారంలో ఇంతకంటే ఏం కావాలి?

“గెలిచే టీము ఎన్క పోరాదయ్యా? కండ్లు సల్లబడ్తయ్” అందొకసారి.

“వాళ్లకు నేనెందుకే? వాళ్లకు శానామంది ఉన్నరు” అన్నాడు మొగులయ్య.

ఇట్లా చల్లగా సాగిపోతున్న ఆయన ఆరోగ్యానికి తొంభై ఆరులో గండం వచ్చింది. పర్సనెల్ మేనేజరు రామలింగేశ్వరరావు నోటీసు అంటించాడు. గురువారం జరిగే చివరి మ్యాచ్ కూడా ఓడితే టీము రద్దు, కోర్టులో ఖాళీ డ్రమ్ములు పెడతాం అని. అప్పటికే డ్రమ్ములు ఒక రింగు వెనక దాకా వచ్చేశాయి.

“గెలిచేది లేదు, చూసేవాళ్లు లేరు. డ్రమ్ములైనా సుఖపడనివ్వండి” అన్నాడాయన. ఆ మాటా నిజమే.

మొగులయ్యకు ఆ వేళ మొదటిసారి కళ్లు తిరిగాయి. క్యాంటీన్‌లో నలుగురు తోటి అభిమానులనూ, బర్నబానూ కూర్చోబెట్టాడు.

“ఆడేటోళ్లు ఐదుగురు, సూసేటోళ్లం ఐదుగురం. బేస్తవారం మనం దిగంగనే వాళ్ల మిషిన్లు మనం పట్టుకుందాం. వాళ్లను నాలుగింటి దాంక పండుకోనిద్దాం, తిననిద్దాం, సక్కగా ఆడనిద్దాం.”

“మరి మీరు ఆట సూడరా కాకా?” అన్నాడు బర్నబా.

“ఆరేండ్లు సూసినం గద బిడ్డా! ఒక్కదినం సూడకుంటే ఏం గాదు. నువ్వు గెల్వు.”

షిఫ్ట్ ఇన్‌చార్జి తల ఊపాడు. యంత్రం తిరిగితే చాలు, తిప్పేదెవరైనా ఆయనకొకటే.

గురువారం వచ్చింది. పొద్దున్నుంచి ఎనిమిది గంటలు పనిచేసిన మొగులయ్య, మళ్లీ రెండింటికి బర్నబా సెంట్రిఫ్యూజ్ ముందు నిలబడ్డాడు. నాలుగైంది. యంత్రం రొదలో విజిల్ వినిపించినట్టే ఉంటుంది, వినిపించదు. పార తిప్పుతాడు, చెవి రిక్కిస్తాడు. గెలిచే టీము జబ్బులన్నీ ఒక్కసారే పట్టుకున్నాయి. నోరు ఎండింది, గుండె దడదడలాడింది. క్యాంటీన్ సాయమ్మ చాయ్ క్యాను పట్టుకుని కోర్టు పక్క నుంచి వచ్చింది.

“సాయమ్మా! ఎట్లున్నది?”

“నాకేమెర్క అన్నా? మనోళ్లు ఎన్ని ఏసిండ్రో తెల్వదు గని, ఆ రింగుకున్న జాలి మాత్రం ఊగుతనే ఉన్నది.”

“ఏ దిక్కు జాలి?”

“డ్రమ్ములు లేని దిక్కుది.”

“ఆ దిక్కు ఏసేది మనోళ్లా, వాళ్లా?”

“అది నువ్వు ముందుగాల చెప్పి పంపాలె!”

ఐదున్నర దాటాక తలుపు దగ్గర బర్నబా ప్రత్యక్షమయ్యాడు. తొందరలో తల వంచడం మరిచి, నుదురు ఠంగుమని కొట్టుకుని, బొప్పి రుద్దుకుంటూనే అరిచాడు.

“కాకా! నలబై ఒకటి, ముప్పై తొమ్మిది! నలబై ఒకటి మనయి!”

మొగులయ్య పార పక్కన పెట్టి, బస్తా మీద కూలబడ్డాడు. తెల్లపొడి చేతులతోనే మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఆ మొహం చూసి ఐదుగురు ఆటగాళ్లూ పడీపడీ నవ్వారు.

గెలుపు ఎంత ప్రమాదకరమో మర్నాడు తెలిసింది. రామలింగేశ్వరరావు రెండు కాగితాలు పంపాడు. మొదటిది: టీము గెలిచింది, సంతోషం. కానీ చూడటానికి ఒక్క కార్మికుడూ రాలేదు. ఎవరికీ ఆసక్తి లేని ఆట ఎందుకు? కోర్టు డ్రమ్ములకే. రెండోది ఐదుగురు అభిమానులకు మెమో: రాతపూర్వక అనుమతి లేకుండా ఇతరుల పని చేసినందుకు చర్య ఎందుకు తీసుకోరాదో చెప్పండి.

ఆరేళ్లు ఓడిన కాలంలో ఒక్క మెమో వచ్చిందా? చెప్పండి!

మొగులయ్య చెప్తుంటే బర్నబా జవాబు రాశాడు. అది ఇది:

“అయ్యా, మీరు బర్నబాను బంతి ఆడనీకి నౌకరిల పెట్టుకున్నరు. ఆరేండ్లు మిషిన్ తిప్పించిండ్రు. బేస్తవారం నాడు ఆ మిషిన్ నేను తిప్పిన, ఆయన తన నౌకరి తను చేసిండు. సూసేటోళ్లు ఏరి అని అడిగిండ్రు. మిషిన్ల కాడ ఉన్నం.”

రామలింగేశ్వరరావు దాన్ని రెండుసార్లు చదివాడు. ఈ కాగితం హెడ్డాఫీసుకు పోతే, ఆటగాళ్ల పేరుతో తీసుకున్నవాళ్లు ఏం చేస్తున్నారని అడుగుతారని ఆయనకు చప్పున తట్టింది. సాయంత్రానికి మెమోలు వెనక్కి పోయాయి. వారంలో డ్రమ్ములు షెడ్డు వెనక్కి పోయాయి. మ్యాచ్ ఉన్న రోజు ఆటగాళ్లకు షిఫ్టు లేదని కొత్త నోటీసు పడింది.

మంచే జరిగిందంటారా? తొందరపడకండి. ఏడాది తిరిగి లీగ్ మళ్లీ మొదలైంది. మొదటి మ్యాచ్‌కు డెబ్బై మంది వచ్చారు. మొగులయ్యకు కాళ్లు చాపుకునే చోటు కాదు కదా, నిలబడే చోటే కష్టమైంది. ఐదుగురు ఆటగాళ్లూ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, శుభ్రమైన చేతులతో కోర్టులోకి దిగారు. ఎవరూ ఎవరినీ కేక వేయలేదు. చివరి విజిల్ దాకా ప్రాణం పెట్టి ఆడారు.

రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయారు!

జనం తలలు వేలాడేసుకున్నారు. మొగులయ్య ఒక్కడే గొంతు పోయేలా జై కొట్టాడు. ఆయనకు లెక్క తెలుసు. ఆ ఆరేళ్లూ వాళ్లు ఓడింది సెంట్రిఫ్యూజ్‌ల చేతిలో. బాస్కెట్‌బాల్‌లో ఓడిపోవడం ఆ టీముకు ఇదే మొదటిసారి.