మూడు కాళ్ళ పిట్ట

ముందే ఒక మాట. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నేను అక్షరాలు దిద్దింది యాభై రెండో ఏట. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ రాసే లోపల దిండు గలీబు నిండా పువ్వులు కుట్టేయగలను. ఆలస్యానికీ తప్పులకీ మన్నించండి. కథ మాత్రం ఉన్నది ఉన్నట్టే రాశాను. ఎందుకలా రాశానో చదివితే మీకే తెలుస్తుంది.

ఆ రోజు పొద్దున్న వదిన వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లటి టేబుల్ గుడ్డను ఇస్త్రీ చేయించి, పది గంటలకు ఆడపిల్లల బడికి తీసుకువెళ్ళి పెద్ద టీచరమ్మకు చూపించాలి. బడిలో కుట్టు టీచరు ఉద్యోగం ఖాళీగా ఉంది. నమూనాగా ఒక గుడ్డ కుట్టి తెమ్మన్నారు. హాజరు పట్టీలో పిల్లల పేర్లు రాయడం వస్తే చాలన్నారు. ఆ ఒక్క షరతు కోసం వదిన రెండేళ్ళు పలక పట్టింది. భర్త పోయిన పన్నెండేళ్ళ నుంచీ మరిది దర్జీ దుకాణంలో, కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ జాకెట్లకు పువ్వులు కుడుతోంది. ఇక తనకంటూ ఒక కుర్చీ, దాని వెనక ఒక నల్లబల్ల కావాలనుకుంది. వదిన అనుకుందంటే ఇక అంతే.

దర్జీ మరిది మంచివాడు. చేతిపని శుభ్రంగా ఉంటుంది. నోటితోనే చిక్కు. దేన్నయినా ఉన్నది ఉన్నట్టు చెప్పడం అతనికి చేతకాదు. పొద్దున్న దుకాణంలోకి పిల్లి వస్తే సాయంత్రానికి అది చిరుతపులి అయ్యేది.

"నువ్వు జరుగు వదినా, ఇస్త్రీ నా పని" అంటూ పెట్టె అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి పోస్టుమాన్ వచ్చాడు. మరిది అతనికి పిల్లి సంగతి మొదలుపెట్టాడు. అది దూకిన ఎత్తు చూపించడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. పెట్టెను గుడ్డ మీదే వదిలి చేతులెత్తాడు.

వాసన ముందు వదినకే తెలిసింది.

"అబ్బాయ్! పెట్టె!"

పెట్టె తీసేసరికి, పూలతీగ పక్కన ఖాళీలో అరచేతిలో సగమంత గోధుమరంగు మచ్చ.

"చంపేశాను వదినా! నీ ఉద్యోగం నా చేతులతో నేనే కాల్చేశాను!"

"ఏడుపు తర్వాత. టైమెంత?"

"ఎనిమిదింపావు."

"తెల్లదారం, ఆకుపచ్చ దారం ఇటు పడెయ్."

గుడ్డ మీద పోని మచ్చ పడితే కుట్టేవాళ్ళు దాని మీద ఒక పువ్వు వేసి ఊరుకుంటారు. వదిన ఎన్ని నూనె చుక్కల మీద పువ్వులు పూయించిందో లెక్కలేదు. ఇది పువ్వుకు లొంగే మచ్చ కాదు. ముందు గుడ్డ తిరగేసి, తెల్లదారంతో అడ్డంగా నిలువుగా అల్లి రఫ్ఫు చేసింది. తర్వాత ముందువైపు ఒక పిట్టను మొదలుపెట్టింది. పొట్ట సరిపోయింది గానీ, సూది తగిలినచోటల్లా కాలిన నూలు పొడిగా రాలి మచ్చ కిందికి దిగింది. కాళ్ళు వేసింది. ఆ రెండు కాళ్ళ మధ్య ఇంకో చిరుగు తేలింది. మూడో కాలు వేయక తప్పలేదు. వెనక పీలిక లేచింది. దాని మీదికి తోక లాగింది. తొమ్మిదిన్నరకు, బాతు ఒంటికి నెమలి తోక తగిలించినట్టున్న ఒక ప్రాణి మూడు కాళ్ళ మీద నిలబడి వదిన వైపు చూసింది.

"ఇదేంటని అడిగితే?" అన్నాడు మరిది.

"గుడ్డ కాలిందని చెబుతా. నువ్వు మాత్రం నోరు విప్పకు."

"కుట్టేసుకుంటా వదినా, ఒట్టు."

పెద్ద టీచరమ్మ గుడ్డను బల్ల మీద పరిచి, నుదుటి మీదున్న కళ్ళద్దాలు కిందికి దించుకుంది. "ఆకులు బాగున్నాయమ్మా. అంచు కూడా బాగుంది. మరి ఈ పిట్టేమిటి?"

"అది అమ్మా, పొద్దున్న..."

"వాళ్ళ అమ్మమ్మ పిట్టండీ!" అన్నాడు మరిది. నోటి కుట్లు అంతసేపే ఆగాయి. "అమ్మమ్మకి వాళ్ళ అమ్మమ్మ నేర్పిందండీ. లోకంలో ఆ ఒక్క ఇంటివాళ్ళే కుడతారు. మూడో కాలు ఎందుకంటారేమో, రెండు కాళ్ళు నిలబడ్డానికి, మూడోది పడిపోకుండా ఉండ్డానికి!"

"ఎంత అర్థముందో చూడండి!" అని పెద్ద టీచరమ్మ మురిసిపోయింది.

"అమ్మా, అదేం కాదు, ఇస్త్రీ చేస్తుంటే కాలింది..."

"మీ వినయం నాకు నచ్చిందమ్మా" అంది పెద్ద టీచరమ్మ. మూడు వారాల్లో చేతిపనుల నిపుణుడు ఒకాయన బడికి వస్తున్నాడని, ఆయన చూసి సరేనంటే ఉద్యోగం వదినదేనని చెప్పి, గుడ్డను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది.

వదిన ఇంటి గుమ్మం దగ్గర ఆగి, "మా అమ్మమ్మ కుట్టని పిట్టతో నాకు ఉద్యోగం వద్దు. రేపు చెప్పేస్తా" అంది.

మర్నాడు వెళ్ళేసరికి బడి ఆవరణలో పిల్లలంతా వరుసల్లో నిలబడి ఉన్నారు. పెద్ద టీచరమ్మ మైకు పట్టుకుని, అలాంటి పిట్టనే చిన్నప్పుడు తన మేనత్త పెట్టెలో పట్టుగుడ్డ మీద చూశానని చెబుతోంది. వదినను చూడగానే చప్పట్లు కొట్టించింది. ఆ చప్పట్లలో వదిన చెప్పిన సత్యం ఎవరికీ వినిపించలేదు.

వారం తిరిగేసరికి బడిలో ప్రతి చేతిరుమాలు మీదా మూడు కాళ్ళ పిట్ట వాలింది. పరీక్షలో మొదట వచ్చిన పిల్ల రుమాలు మీద అది ఉందని తేలడంతో ఊరు దర్జీ దుకాణం ముందుకు వచ్చింది. "మా వాడు లెక్కల్లో మరీ వీకండీ" అన్నాడొక తండ్రి. "వాడికి నాలుగు కాళ్ళు వేయండి."

నోటితో కాదని, వదిన కలంతో చెప్పాలనుకుంది. రెండు మధ్యాహ్నాలు కూర్చుని జీవితంలో మొదటి ఉత్తరం రాసింది. గుడ్డ ఇస్త్రీపెట్టె కింద కాలిందని, పిట్ట ఆ మచ్చ మీద మూత అని, అమ్మమ్మ ఇటుకలు మోసిందే తప్ప సూది పట్టలేదని రాసి పంపింది. పెద్ద టీచరమ్మ అందులో నాలుగు తప్పులు ఎర్ర సిరాతో దిద్ది, పదికి ఏడు మార్కులు వేసి, "కల్పన బాగుంది, ఇలాగే రాస్తూ ఉండండి" అని కింద రాసి తిప్పి పంపింది.

దాంతోపాటు ఇంకో చీటీ. నిపుణుడు అమ్మమ్మ కుట్టిన అసలు గుడ్డ చూడాలంటున్నారట.

"దానికేముంది?" అన్నాడు మరిది. "పాత గలీబు మీద పిట్ట కుట్టి టీలో నానబెడితే వందేళ్ళు వెనక్కి పోతుంది."

"ఆ పని చేశావంటే నీ కాళ్ళకి ఇంకోటి కలిపి కుడతా."

ఆ రోజు రానే వచ్చింది. నిపుణుడు మెడలో భూతద్దం వేసుకున్న బక్కపలచని మనిషి. నమస్కారానికి తల ఊపాడు. వదిన నోరు తెరిచే లోపల మరిది చొక్కా లోపలినుంచి గోధుమరంగు గలీబు ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. "అసలుదండీ! వందేళ్ళది!"

నిపుణుడు వంగి వాసన చూశాడు. గలీబు మీద ఒక చీమ పిట్ట తోక దాకా వచ్చి ఆగింది.

"పాతదిలా కనిపించాలంటే టీలో చక్కెర వేయకూడదు" అన్నాడాయన.

పెద్ద టీచరమ్మ ముఖం సుద్దముక్కలా పాలిపోయింది. వదిన లేచి, బీరువా తెరిపించి, తన గుడ్డ తీసి వెనకవైపు తిప్పి పరిచింది.

"ఇదుగోండి, ఇక్కడ కాలింది. కాల్చినవాడు వీడు, మా మరిది. మూసింది నేను. అమ్మమ్మ పిట్టా లేదు, వంశమూ లేదు. చూసి మీకేం తోస్తే అది రాయండి. నేను పోయి నా పీట మీద కూర్చుంటా."

"అయ్యో, మరి నేను మా మేనత్త పెట్టెలో..." అని పెద్ద టీచరమ్మ మధ్యలో ఆగింది. నిపుణుడు ఆమె వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూసింది.

ఆయన భూతద్దం పెట్టి గుడ్డ వెనకవైపు చాలాసేపు చూశాడు. "ఎంతసేపు పట్టింది?"

"గంటంపావు."

"పిట్ట అసహ్యంగా ఉంది."

"అవునండీ."

"ఈ రఫ్ఫు ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. పన్నెండేళ్ళుగా మా మరిది ఇస్త్రీ చేస్తున్నాడు."

నిపుణుడు మొదటిసారి నవ్వాడు. "పువ్వులు నేర్పేవాళ్ళు దొరుకుతారు. ఈవిడ చేత ముందు రఫ్ఫు నేర్పించండి" అని పెద్ద టీచరమ్మ ముందుకు కాగితం తోశాడు. ఆమె వెంటనే సంతకం పెట్టింది. మేనత్త గురించి ఎవరైనా అడిగే లోపలే పెట్టింది.

సోమవారం వదిన తన కుర్చీలో కూర్చుని, హాజరు పట్టీలో ముప్ఫై ఒక్క పేర్లు నింపాదిగా రాసుకుంది. తర్వాత పిల్లలందరి చేత చేతిరుమాళ్ళు వెనక్కి తిప్పించి, మొదటి పాఠం అక్కడినుంచే మొదలుపెట్టింది.

వదిన ప్రతిభ లోకానికి తెలియాలనే ఆ రోజు పెట్టెను కావాలని వదిలేశానని మరిది ఇప్పుడు దుకాణంలో చెబుతున్నాడు.

ఇట్లు, ఆ వదినను. వయసు యాభై ఏడు. బడి వెనక గదిలో ఉంటున్నాను. ఇస్త్రీ నేనే చేసుకుంటాను.