విశ్రాంతి మండలిలో నిండు నెలలు

గర్భిణి ఎప్పుడు పని మానాలో ఇకమీదట గర్భిణే నిర్ణయించుకుంటుందని, ఆ నిర్ణయాన్ని తాము తీసుకుంటామని శ్రామిక మహిళా విశ్రాంతి మండలి చైర్మన్ మునినారాయణప్పగారు కాడుగోడి రైల్వే స్టేషను ఎదుట ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ మండలి ఆఫీసులో టీ పెట్టి, నేల తుడిచే ఉద్యోగం నాది. చప్పట్ల కోసం ఆగినప్పుడు కొట్టకపోతే చైర్మన్‌గారు అలాగే ఆగి ఉంటారు. ఆ రోజు ఎండ ఎక్కువ.

ఈ మండలి పుట్టుక గురించి పాఠకులకు చెప్పాలి. ఎన్నికల్లో చైర్మన్‌గారికి టికెట్టు రాలేదు. బదులుగా ఏ మండలి కావాలో కోరుకోమని పార్టీవారు అడిగారు. కారు ఉన్న మండలి ఏదైనా ఫర్వాలేదన్నారట ఆయన. అంతటి నిరాడంబరులు. అలా మా మండలిలో ఒక చైర్మన్, ఆయన పీఏ హరీశ్, కారు డ్రైవరు, నేను, కంప్యూటర్ ఆపరేటర్ రంజిత ఏర్పడ్డాం. రంజిత ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు పిల్ల. మండలిలో ఏ అక్షరం పుట్టినా ఆమె వేళ్ల కిందే పుట్టాలి.

ప్రకటన వచ్చిన మర్నాడే రంజిత నాలుగు వరుసల అర్జీ పట్టుకుని చైర్మన్‌గారి గదిలోకి వెళ్లింది. అప్పటికి ఆమెకు ఏడో నెల. నేను టీ ఇస్తూ అక్కడే ఉన్నాను.

"సార్, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి పని మానేయమని డాక్టరమ్మ చెప్పింది. కాళ్లు వాస్తా ఉండాయి. సెలవు లెటరు ఒకటి ఇస్తే చాలు సార్."

చైర్మన్‌గారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"హరీశా! మొదటి గర్భిణి వచ్చిందప్పా!"

"సార్, ఆమె రంజిత సార్. రోజూ వస్తాది."

"రోజూ వస్తే ఆపరేటరు. అర్జీ పట్టుకుని వస్తే గర్భిణి." ఆయన రంజిత వైపు తిరిగారు. "అమ్మా, ఇది నీ నిర్ణయం. ఎవరూ నీ మీద ఒత్తిడి చేయకూడదు. ఒకటో తారీకే ఎందుకు?"

"డాక్టరమ్మ చెప్పింది సార్."

చైర్మన్‌గారు అర్జీ మీద 'డాక్టరు నుంచి ఒత్తిడి' అని రాసుకున్నారు. తరవాత కుర్చీలో వెనక్కి వాలి, "మా అమ్మ రాగి చేలో కలుపు తీస్తా తీస్తా నన్ను కనింది, తెలుసునా?" అన్నారు.

"ఆయమ్మ పని ఎప్పుడు మానింది సార్?"

"మానేదంటే... ఆ సాయంత్రం మానింది."

"మళ్లీ?"

"తెల్లారి మళ్లీ చేనికి పోయింది."

ఆ తల్లి ఫోటోను పెద్దది చేయించి, మండలి చిహ్నంగా గోడకు తగిలించాలని చైర్మన్‌గారు అప్పటికప్పుడే ఆదేశించారు.

అర్జీ అంటే ఫారం మీద ఉండాలి. ఫారం అంటే ఎవరో తయారు చేయాలి. రంజిత మూడు రోజులు కూర్చుని తన ఫారం తానే తయారు చేసింది. హరీశ్ పక్కన నిలబడి చెబుతుంటే ముప్పై ఒక్క గడులు వచ్చాయి. 'ఇంతకు ముందే ఎందుకు మానలేదు?' అని ఒకటి. దాని కిందే 'ఇంకొన్నాళ్లు ఎందుకు చేయకూడదు?' అని ఇంకొకటి. ఆఖరి గడి 'శిశువు అభిప్రాయం'. రంజిత దాన్ని ఖాళీగా వదిలితే హరీశ్ తిప్పి పంపాడు.

"ఖాళీ పెట్టకూడదు మేడమ్. ఆడిట్‌లో అడుగుతారు."

"ఏం రాయాల? తంతా ఉండాది."

"సానుకూలం అని రాయండి."

ఫారాన్ని పరిశీలించడానికి ముగ్గురు నిపుణులతో కమిటీ వేశారు. మొదటివారు గోపాలప్పగారు, వంతెనల ఇంజినీరుగా రిటైరైనవారు, బరువుల మీద ముప్పై ఏళ్ల అనుభవం. రెండోవారు జ్యోతిష్కులు. మూడోవారు చైర్మన్‌గారి బావమరిది. ఆయనకు ఐదుగురు పిల్లలు. ఐదు కాన్పుల్లోనూ ఆయన ఊళ్లో లేరు కాబట్టి నిష్పక్షపాతంగా మాట్లాడగలరు.

కమిటీ అధ్యయన యాత్రకు బయలుదేరింది. దసరా ఊరేగింపుకు ఏనుగును ఎంపిక చేసే ముందు అది కడుపుతో ఉందేమో పరీక్ష చేస్తారని చైర్మన్‌గారు ఎక్కడో విన్నారు. అందుకని చైర్మన్‌గారితో కలిపి నలుగురూ కుటుంబాలతో సహా అడవిలోని ఏనుగుల క్యాంపులో ఐదు రోజులు ఉండి వచ్చారు. మొదటి గర్భిణి పేరు మీద యాత్ర కాబట్టి రంజితను కూడా పిలిచారు, కానీ రూములు బుక్ చేయడానికి ఆఫీసులో ఎవరో ఒకరు ఉండాలి కదా. ఆమె ఉంది.

తిరిగి వచ్చాక గోపాలప్పగారు నివేదిక చదివారు. రంజిత మినిట్స్ టైపు చేస్తోంది.

"ఏనుగు కడుపుతో ఉన్నట్టు తెలిసిన రోజే దాన్ని పని నుంచి తప్పిస్తారు. దరఖాస్తు అడగరు."

టైపు చప్పుడు ఆగింది. "సార్, ఇది కూడా రాయనా?"

"రాయమ్మా, దాపరికం ఏముండాది?" అన్నారు చైర్మన్‌గారు. "ఏనుగులకు సంబంధించినంత వరకు అని ముందర చేర్చు."

ఒకటో తారీకు వచ్చింది, పోయింది. రంజితకు చెప్పులు పట్టడం మానేశాయి. నేను కాగితాల డబ్బా ఒకటి బోర్లించి ఆమె కాళ్ల కింద పెట్టాను. చైర్మన్‌గారు అది చూసి చలించిపోయి ఫోటోగ్రాఫరును పిలిపించారు. 'మండలి కల్పించిన పాద విశ్రాంతి సౌకర్యం' అని మర్నాడు పేపర్లో పడింది. డబ్బా బాగా వచ్చింది. కాళ్లు ఫ్రేములో పట్టలేదు.

"మానేసి ఇంటికి పోమ్మా," అన్నాను ఆ రోజు మధ్యాహ్నం.

"ఎట్ల పోయేది శాంతక్కా? లెటరు లేకుండా పోతే ఏజెన్సీలో నా పేరు కొట్టేస్తారు. పేరు పోతే కాన్పు తరవాత సెలవుండదు, తిరిగొస్తే సీటుండదు. ఒక్క కాగితం అక్కా. ఇంతమంది కాగితాలు నేనే కొడతా ఉండాను. నాది నేను సంతకం పెట్టుకోలేను."

కమిటీ అసలు సిఫార్సు మాత్రం జ్యోతిష్కులుగారిది. గర్భిణి పని మానే రోజు ఏదీ అంటే సీమంతం జరిగిన రోజు. కాబట్టి మంత్రిగారి చేతుల మీదుగా సామూహిక సీమంతం జరిపి, ఆకుపచ్చ గాజులతో పాటు సెలవు లెటరు కూడా అదే పళ్లెంలో పెట్టి ఇవ్వాలి. చైర్మన్‌గారు కుర్చీలోంచి లేచి జ్యోతిష్కులను కావిలించుకున్నారు. సీమంతం లేనిదే సెలవు చెల్లదని ఆ సాయంత్రానికే ఉత్తర్వు వెలువడింది. రంజితే టైపు చేసింది.

"సార్, మా అత్తమ్మ నాకు ఐదో నెలలోనే సీమంతం చేసేసింది," అంది కాగితం అందిస్తూ.

"అది ప్రైవేటు సీమంతం కదమ్మా."

ఉత్తర్వు వచ్చిన రోజుకు ఆమెకు ఎనిమిదో నెల పడింది. సరి నెలల్లో సీమంతం పనికిరాదన్నారు జ్యోతిష్కులు. తొమ్మిదో నెల పడేసరికి ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో శుభకార్యం ఎలా చేస్తారు?

"స్వల్ప అడ్జస్ట్ చేసుకో తల్లీ. శ్రావణం ఎంత దూరం ఉండాది?"

"సార్, లోపల ఉండేదానికి ఆషాఢం తెలవదు."

"అందుకే గదా పెద్దవాళ్లం మేముండేది."

శ్రావణ శుక్రవారానికి మంత్రిగారు ఒప్పుకున్నారు. ఎంతమంది గర్భిణులని వారి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. హరీశ్ ఒకరన్నాడు. ఒకరైతే మంత్రిగారు వాట్సాప్‌లో ఆశీర్వదిస్తారని, నూట ఎనిమిది మంది ఉంటేనే స్వయంగా వస్తారని జవాబొచ్చింది.

ఇక్కడే మా చైర్మన్‌గారి కార్యదక్షత బయటపడింది. ఇంకొకరైతే నూట ఏడుగురు గర్భిణుల కోసం తొమ్మిది నెలలు ఆగేవారు. ఆయన రెండు రోజుల్లో తేల్చారు. పార్టీ మహిళా విభాగాన్ని పిలిపించి, ఒక షామియానా వాళ్ల దగ్గర దిండ్లు అద్దెకు తీసుకున్నారు.

బుధవారం హరీశ్ నా దగ్గరికి వచ్చాడు. "శాంతక్కా, రంజిత మేడమ్ కాక నూట ఆరుమంది దొరికినారు. ఒకటి తగ్గింది."

"నాకు అరవై రెండేళ్లప్పా. మా ఇంటాయన పోయి పద్దెనిమిదేళ్లు."

"భర్త ఉండాడా అని ఫారంలో గడి లేదక్కా. వెనక వరుసలో కూర్చో."

కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ల తరవాత నా చేతులకు గాజులు పడ్డాయి. బళేపేట గాజుల అంగళ్ల నుంచి తెప్పించిన ముదురు ఆకుపచ్చవి. కదిలిస్తే చప్పుడు బాగుంది. రెండు మూడు సార్లు ఊరికే కదిలించి చూశాను.

కల్యాణ మండపం నిండిపోయింది. మంత్రిగారు వరుసలో ఒక్కొక్కరికీ గాజులు, లెటరు ఇస్తూ వచ్చారు. నా పక్కన కూర్చున్న సొన్నమ్మ దిండు రెండుగా మడత పడి అటొకటి ఇటొకటి లేచింది.

"కవలలా అమ్మా?" అన్నారు మంత్రిగారు.

"అంతా మీ దయ సార్," అంది సొన్నమ్మ.

రంజిత మాత్రం వరుసలో లేదు. మంత్రిగారి ప్రసంగానికి స్లైడ్లు తిప్పడానికి వేదిక పక్కన లాప్‌టాప్ ముందు నిలబడి ఉంది. పేరు పిలిచినప్పుడు రావచ్చులే అన్నాడు హరీశ్. ఆమె పేరు చివర ఉంది. అసలు గర్భిణిని చివర పెడితే ముగింపు రక్తి కడుతుందని చైర్మన్‌గారి ఆలోచన.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "తల్లి అలిసిపోతే రాష్ట్రం అలిసిపోతుంది!" ఏడో స్లైడు పడింది. ఆ తరవాత ఎనిమిదోది పడలేదు. నేను అటు చూస్తే రంజిత రెండు చేతులతో బల్ల పట్టుకుని ఉంది. నేను లేచి దగ్గరికి వెళ్లాను.

"హరీశ్ సార్, నొప్పులు," అంటోంది.

"ఇంకా పదకొండు స్లైడ్లుండాయి మేడమ్."

"ఉమ్మనీరు పోతా ఉండాది!"

హరీశ్ లాప్‌టాప్ వైపు చూశాడు. మంచివాడే, కంగారుపడ్డాడు. "మరి నెక్స్ట్ స్లైడు ఎట్ల వేసేది?"

"కుడి పక్క బాణం నొక్కండి," అంది రంజిత, నా భుజం మీద వాలిపోతూ.

నేను కేక వేస్తే సొన్నమ్మతో పాటు వెనక వరుస మొత్తం లేచి వచ్చింది. అంతా కలిసి ఆమెను బయటికి ఎత్తుకుపోయాం. వంటపాత్రలు తెచ్చిన టెంపో గేటు దగ్గర ఉంది. దాని అడుగున చల్లటి ఇనప రేకు. సొన్నమ్మ ఒక్క క్షణం ఆలోచించి, చీర కుచ్చిళ్ల లోపల చెయ్యిపెట్టి దిండు లాగి కింద పరిచింది. తక్కినవాళ్లూ లాగారు. తొమ్మిది దిండ్ల మీద రంజిత పడుకుంది. ఆ సమయంలో మంత్రిగారు, "చూడండి, నిండు నెలల్లో కూడా మన ఆడపడుచులు ఎంత చురుగ్గా పరిగెత్తుతున్నారో!" అన్నారని తరవాత పేపర్లో చదివాను.

ఆస్పత్రిలో నర్సు ఫాతిమా మమ్మల్ని చూసి తలుపు దగ్గరే చేయి అడ్డం పెట్టింది. "ముందు ఎవరిది?" అందరం రంజితను చూపించాం. నా దిండు తీయడం హడావిడిలో మర్చిపోయాను. ఫాతిమా నా పొట్ట చూసింది, నా నెరిసిన తల చూసింది, ఏమీ అడగలేదు. గవర్నమెంటు ఆస్పత్రిలో ఏళ్లుగా ఉన్న మనిషి.

గంటలోపే ఆడపిల్ల పుట్టింది.

అక్కడ వేదిక మీద రంజిత పేరు మూడుసార్లు పిలిచి, పలకలేదని రిజిస్టర్లో రాసి, లెటరు వెనక్కి తీసుకున్నారు. తక్కిన నూట ఏడుగురికీ ప్రసవం నిమిత్తం ఇరవై ఆరు వారాల విశ్రాంతి మంజూరైంది. నాకు కూడా. ప్రసంగం ముగిస్తూ మంత్రిగారు ఉప్పొంగిపోయి ఇంకొక ప్రకటన చేశారు. వచ్చే నెల ఇదే తారీకున నూట ఎనిమిది మంది పసిబిడ్డలనూ స్వయంగా ఊయలలో వేసి పేరు పెడతారట.

మూడో రోజు చైర్మన్‌గారు, హరీశ్ యాపిల్ పళ్లతో వార్డులోకి వచ్చారు. నేను రంజిత పక్కనే ఉన్నాను. నాకు సెలవు కదా.

"సార్, నా లెటరు?" అంది రంజిత, మొట్టమొదట.

"తెచ్చినానమ్మా. సంతకం కూడా అయిపోయింది." ఆయన కవరు తీసి చూపించి, మళ్లీ ఒడిలో పెట్టుకున్నారు. "చిన్న ఇబ్బంది ఒకటుండాది. మంత్రిగారు నూట ఎనిమిది బిడ్డలకు మాటిచ్చినారు. మన దగ్గర ఒకటే ఉండాది."

"ఒకటి చాలు మేడమ్," అన్నాడు హరీశ్. "నూట ఎనిమిది సార్లు తొట్టెల్లో వేస్తాం. మధ్యలో బట్టలు మార్చేది మేము చూసుకుంటాం."

రంజిత చాలాసేపు బిడ్డను చూసింది. తరవాత కవరును చూసింది.

"ఎన్ని గంటలు?"

"పొద్దున తొమ్మిదికి రావాల. మంత్రిగారు పోయేదాకా."

"రెండు గంటలకొకసారి పాలు పడతాను."

"పట్టు తల్లీ."

"నిద్రొస్తే నిద్రపోతాది. లేపకూడదు."

"ఎవరు లేపుతారు?"

"ఏడిస్తే ఆ నిమిషమే పని ఆపేస్తాది. ఫారం అడగకూడదు, కమిటీ ఉండకూడదు."

"పసిబిడ్డకు కమిటీ ఏందమ్మా? మనుషులమా కాదా?"

"రాసివ్వండి."

హరీశ్ యాపిల్ పళ్ల సంచీ మీద కాగితం పెట్టి అంతా రాశాడు, చైర్మన్‌గారు సంతకం చేశారు. గోడ గడియారం చూశాను. నాలుగు నిమిషాలు పట్టింది.

ఆ తరవాత హరీశ్ జేబులోంచి ఇంకు ప్యాడు తీశాడు. బిడ్డ డ్యూటీలో చేరినట్టు రిపోర్టు ఫైల్లో ఉంటే తప్ప లెటరు చేతికివ్వడం కుదరదట. రంజిత ఒక చేత్తో కవరు అందుకుని, ఇంకో చేత్తో బిడ్డ గుప్పిట మెల్లగా విప్పింది. మూడు రోజుల బిడ్డ. కళ్లు ఇంకా సరిగ్గా తెరవలేదు. వేలిముద్ర మాత్రం మొదటిసారికే చక్కగా పడింది.