బాణాల వంకర తీసే మిషను

ఆ శనివారం పొద్దున్న వీరేంద్ర చెయ్యాలనుకున్నది ఒక్కటే పని. భార్య బాణాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసే చిన్న మిషను తయారు చెయ్యాలి. కనకలక్ష్మి డాలీగంజ్‌లో ఒక బడిలో టీచరు. విలువిద్య ఆమెకు పెళ్ళికి ముందునుంచీ ఉన్న పిచ్చి. ఆదివారం అండమాన్ ద్వీపాల జట్టుకి ఎంపిక పోటీ. నెగ్గితే మెయిన్‌లాండ్‌కి వెళ్ళి ఆడవచ్చు. కానీ వారం రోజులుగా ఆమె బాణాలు గురికి అటూ ఇటూ పోతున్నాయి. తన చెయ్యే పాడైపోయిందని ఆమె అన్నం మానేసి కూర్చుంటే, చెయ్యి కాదు, బాణాలే వంకర పోయి ఉంటాయని వీరేంద్ర తేల్చాడు.

ఎలా చెయ్యాలో ఫోన్లో వీడియో చూశాడు. చెక్కమీద రెండు దిమ్మలు, ఒక్కో దిమ్మకీ రెండేసి బేరింగులు. వాటిమీద బాణం పెట్టి వేలితో తిప్పాలి. మధ్యలో బాణానికి ఆనుకుని ఒక సూది ఉంటుంది. బాణం తిన్నగా ఉంటే సూది కదలదు, వంకరగా ఉంటే ఊగుతుంది. బేరింగుల కోసం ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్ళాడు. అక్కడ పడవల ఇంజన్లు బాగుచేసే పైడిబాబు పాత ఇంజన్లలోంచి ఊడదీసినవి గుప్పెడు ఇచ్చాడు. పదకొండు గంటలకల్లా వీరేంద్ర వరండాలో మిషను సిద్ధమైంది.

మొదటి బాణం పెట్టి తిప్పాడు. సూది ఊగింది. రెండోది పెట్టాడు. ఇంకా ఊగింది. అన్నీ అంతే. రోగం దొరికిందని వీరేంద్ర పొంగిపోయాడు. అల్యూమినియం బాణాలు కాబట్టి మోకాలి మీద పెట్టి మెల్లగా వంచి సరిచేశాడు. సూది ఊగడం మానలేదు. మరికాస్త వంచాడు. ఊగుతూ ఊగుతూ ఒక్కోసారి నిలిచేది. నిలిచిన ప్రతి బాణాన్నీ పక్కన పెట్టి, గెలిచినట్టే అనుకున్నాడు.

ఇంట్లో ఈ సంబరం చూసి అత్తగారు దేముడమ్మ ఫోను తీసింది. అల్లుడు బాణాల డాక్టరయ్యాడని ఇద్దరికి చెప్పింది. ఆ ఇద్దరూ కోచ్ సత్యారావుకి చెప్పారు. ఆయన స్కూటరు మీద తన శిష్యుల బాణాలన్నీ మోసుకొచ్చాడు. మిషను చుట్టూ తిరిగి చూసి, అండమాన్‌లో ఇలాంటిది ఇంతవరకూ లేదని, విలువిద్య సంఘం పెద్దలకి అక్కడినుంచే ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికి మిగతా పోటీదారులూ వచ్చారు. దేముడమ్మ అందరికీ టీ పోసింది. వీరేంద్ర అందరి బాణాలూ తిప్పాడు. అన్నీ వంకరే. అన్నీ సరిచేశాడు.

అందరూ వెళ్ళాక, సరదాకి, కిటికీ తెరకోసం కొన్న కొత్త స్టీలు కడ్డీ పెట్టి తిప్పాడు. సూది బాణాలకి ఊగినట్టే ఊగింది. బేరింగు ఊడదీసి చూశాడు. లోపల ఉప్పుగాలికి తుప్పు పట్టి, గుండు ఒకటి సగం అరిగిపోయి ఉంది. తను సరిచేసిన భార్య బాణాల్లో చేతికందినదాన్ని నేలమీద దొర్లించాడు. అది గట్టున పడ్డ చేపలా ఎగిరెగిరి పడింది.

కనకలక్ష్మి వచ్చి ఆ బాణాన్ని చూసింది, మొగుణ్ణి చూసింది.

"నావేనా, అందరివీనా?"

"అందరివీ."

ఆమె మంచం కింద మూలన పడేసిన, మిషను ఎక్కని పాత ప్రాక్టీసు బాణాలు బయటికి లాగింది. తను వీటితో ఆడుతుందట. మిగతావాళ్ళ సంగతి రేపు గ్రౌండ్‌లో మొగుడే చెప్పాలట.

చెబుదామనే వెళ్ళాడు వీరేంద్ర. వెళ్ళగానే సత్యారావు మైకులో అతని పేరు పిలిచాడు. ఈసారి ఒక్క బాణమూ వంకర లేదని, ఆ ఘనత ఈయనదేనని చెప్పి, సంఘం పెద్దచేత శాలువా కప్పించాడు. వీరేంద్ర నోరు తెరిచేసరికి చప్పట్లు మోగాయి. ఆ వెంటనే పోటీ మొదలైపోయింది.

తరవాత జరిగింది చూడలేక వీరేంద్ర శాలువాలో ముఖం దాచుకున్నాడు. బాణాలు గడ్డిలోకి పోయాయి, కంచెలోకి పోయాయి, ఒకటి పెద్దలు కూర్చున్న షామియానా గుడ్డలోకి పోయింది. ఏళ్ళ తరబడి కష్టపడ్డ పిల్లలు తమ చేతుల్ని తామే అనుమానంగా చూసుకున్నారు. పాత బాణాలతో కనకలక్ష్మి మొదటి స్థానంలో నిలిచింది. మెడల్ని వేరేవాళ్ళ సామానులా వేళ్ళ చివర పట్టుకుని నిలబడింది.

వీరేంద్ర ఇక ఆగలేక కోచ్ దగ్గరికి వెళ్ళాడు.

"సత్యారావు గారూ, పిల్లల తప్పు కాదండీ. నా మిషనే టేఢా, వంకర దానిదే. బాణాలన్నీ నేనే పాడుచేసినాను. మళ్ళీ పోటీ పెట్టించండి."

వెనకే వచ్చిన కనకలక్ష్మి కూడా అది నిజమేనంది. మెడల్ కోచ్ చేతిలో పెట్టబోయింది.

సత్యారావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "భయ్యా, ఇందాకే కదా మైకులో అంత సెప్పినాను. ఇప్పుడు మిషను టేఢా అంటే నా ముఖం ఎక్కడెట్టుకోవాల? బస్, వదిలెయ్. గాలి వల్ల పోయినాయి. సముద్రం గాలి. మెయిన్‌లాండ్‌కి జట్టుతోపాటు నువ్వూ, నీ మిషనూ వస్తన్నారు."

మైదానం చుట్టూ ఉన్న కొబ్బరి చెట్లలో ఒక్క ఆకూ కదలడం లేదు.