నా ఫైలుకు నా అనుమతి

కంప్యూటర్‌ను తిట్టిపోసేవాళ్లంతా కృతఘ్నులు! మా ఇంట్లో నా అనుమతి గురించి మాట్లాడిన మొట్టమొదటి ప్రాణి అదే.

నమ్మరా? మంగళవారం సంగతి వినండి. వారపత్రికలో వస్తున్న నా సీరియల్ ఆఖరి భాగం ఆ సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. అందకపోతే నా పేజీలో జుట్టు రాలకుండా చిట్కాలు వేసుకుంటామని ఎడిటర్‌గారు ఎంతో మర్యాదగా చెప్పారు. ఇంకా అరపేజీ రాయాల్సి ఉంది. కుక్కర్ దింపి, చేతులు తుడుచుకుని ఫోల్డర్ మీద నొక్కాను.

తెర మీద చిన్న పెట్టె ఊడిపడింది. దీని జోలికి రావాలంటే ఒకరి అనుమతి కావాలట. ఎవరిది? నా పేరే ఉంది, ఇంటిపేరుతో సహా!

ఇంకొకరైతే మౌస్ విసిరికొట్టేవారు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి.

ఇరవై ఆరేళ్లుగా ఈ ఇంట్లో ఏ వస్తువైనా నా మీద ఇంత విశ్వాసం చూపించిందా? నా కుట్టుమిషన్ నాతో మాటమాత్రం చెప్పకుండా ఆడపడుచుగారింటికి వెళ్లిపోయింది. మా పడగ్గది మా మరిది స్నేహితుడికి పదిరోజులు విడిది అయిందన్న సంగతి, దుప్పట్లు మార్చమన్నప్పుడు తెలిసింది. నా రాతబల్ల మీద ఇప్పుడు చేపలతొట్టి ఉంది. ఆరు చేపలు. ఒక్కదానికీ మొహమాటం లేదు!

అన్నిటికీ ఈ విండోస్ బుద్ధే ఉంటే ఎంత బాగుండేది! కుట్టుమిషన్ మీద చెయ్యి వెయ్యగానే "వదినగారి అనుమతి లేదు" అని ఆడపడుచుగారికి పెట్టె కనబడేది. మరిదిగారి స్నేహితుడు గుమ్మంలోనే సూట్‌కేసుతో గుండ్రంగా తిరుగుతూ ఉండేవాడు.

అయినా ఐదు గంటలు నా కోసం ఆగవు కదా. ఆపి మళ్లీ ఆన్ చేశాను. సెక్యూరిటీ అన్నచోటికి వెళ్లి, నాకు నేనే అనుమతి ఇచ్చుకోబోయాను. ఇచ్చే అధికారం నాకు లేదంది. ఎంత నిజాయితీ!

నాలుగింటికి మెకానిక్ వచ్చాడు. పోయిన వారం పాత కంప్యూటర్‌లోని డిస్క్ తీసి కొత్తదాంట్లో పెట్టింది ఆయనే. కాసేపు చూసి తేల్చాడు.

"పాతదాంట్లో ఉన్న మీరు వేరండీ, దీంట్లో ఉన్న మీరు వేరు. పేరు ఒకటే గానీ దీని లెక్కలో ఇద్దరు మనుషులు."

"ఆవిడ ఇప్పుడెక్కడుంది?"

"లేదండీ. ఆ అకౌంట్ తీసేశాం."

సంతాపానికి టైము లేదు. ఫోల్డర్‌కు కొత్త ఓనర్‌ను పెడితే తెరుచుకుంటుందట. ఎవరిని పెట్టాలో కనుక్కోవడానికి మెకానిక్ తలెత్తి చూశాడు. పక్కనే నిలబడ్డ నన్ను దాటుకుని ఆయన చూపు సోఫాలో పేపర్ చదువుతున్న మావారి మీద ఆగింది.

"సార్, మీ పేరు మీద పెట్టేయనా?"

"పెట్టెయ్యవయ్యా. అందులో ఏముంటుందిలే" అన్నారు మావారు, పేజీ తిప్పుతూ.

ఏముందా? నలభై రెండు వారాల సీరియల్ ఉంది. ఒక్క వారమైనా మావారు చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు దానికి ఓనర్!

నన్ను తప్ప ఎవరినీ ఒప్పుకోనని మొండికేసిన ఒక్కగానొక్క యంత్రానికి, మా ఇంటి పద్ధతి నేర్పడానికి ఇద్దరు మగవాళ్లకు రెండు నిమిషాలు పట్టింది.

నాలుగున్నరకు ఫైలు నా చేతికొచ్చింది. మొదటి వారం నుంచీ నేననుకున్న ముగింపు ప్రకారం, ఆసుపత్రిలో ఉన్న భర్త కోలుకుని ఇంటికి రావాలి.

నాలుగూ నలభైకి చంపేశాను. ఓనర్‌గారిని అడగలేదు.