రెండు గ్రంథాలు, ఒక కాలెండరు

శుక్రవారానికి సోషల్ మాస్టారు సంజీవరావు అనుకున్నది ఒక్కటే. ఏడో తరగతికి క్రైస్తవం, ఇస్లాం పాఠం చెప్పాలి. పుస్తకంలో ఉన్న నాలుగు పేరాలు చదివించి వదిలేస్తే అడిగేవాళ్ళు లేరు. ఆయనకు ఆ బుద్ధి పుట్టలేదు. రెండు మతాల గ్రంథాలనూ పిల్లల ముందు పెట్టి, అందులో ఏముందో చదివి వినిపిద్దామనుకున్నాడు. హెడ్మాస్టర్ ప్రమోషన్ లిస్టులో పేరున్న మనిషి ఇలాంటి పనులు పెట్టుకోకూడదు. ఒక్క మెమో పడితే చాలు, పేరు లేచిపోతుంది.

బైబిలు హనుమాయమ్మ ఇచ్చింది. పేరు హనుమాయమ్మే గానీ చర్చిలో స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. ఖురాన్ మిర్చి వ్యాపారి లాల్ అహ్మద్ ఇచ్చాడు. అరబీ పక్కన తెలుగు అర్థం ఉన్న ప్రతి. చనిపోయిన భార్య ఖాజాబీ రోజూ చదువుకున్నది.

"కడిగిన చేతుల్తోనే ముట్టుకోండి మాస్టారూ. నేలమీద పెట్టొద్దు. ఇంట్లో అన్నిటికన్నా ఎత్తుగా, శుభ్రంగా ఉన్నచోట పెట్టండి," అని మరీ చెప్పాడు.

సంజీవరావు ఇంట్లో అలాంటి చోటు దేవుడి అర ఒక్కటే. గురువారం సాయంత్రం రెండు గ్రంథాలనూ అక్కడే పెట్టాడు. తెల్లారి ఆయన తల్లి వెంకటరావమ్మ తలస్నానం చేసి పూజకు కూర్చుంది. ఆ అరలో ఉన్నవాటిలో కొన్నిటికి బొట్టు పెట్టి, కొన్నిటిని వదిలేయడం ఆమెకు తెలియదు. హారతి ఇచ్చాక రెండిటినీ ఉతికిన తువ్వాలులో చుట్టి కొడుక్కి అందించింది. ఆయన విప్పి చూడలేదు.

క్లాసులో విప్పాడు. రెండు అట్టలకూ పసుపు పూసి ఉంది. పసుపు మీద కుంకుమ బొట్లు. ముందు బెంచీలో ఉన్న లాల్ అహ్మద్ కూతురు మెహర్ లేచి నిలబడింది.

"అది మా అమ్మది సార్," అంది.

సంజీవరావు చేతిరుమాలు తడిపి తుడిచాడు. పసుపూ కుంకుమా కలిసి బంగారు అక్షరాల మీదుగా ఎర్రగా పాకాయి. ఇంకా తుడిస్తే అంచులకు పాకాయి. అప్పుడు ఆయన కన్ను గోడమీద పడింది. మార్టూరు గ్రానైట్ వాళ్ళు ఇచ్చిన పాత కాలెండరు వేలాడుతోంది. తేదీల కాగితాలు పీకేసి, పెద్ద బొమ్మ ఉన్న దళసరి కాగితాన్ని రెండు ముక్కలు చేశాడు. బొమ్మ లోపలికి, తెలుపు పైకి వచ్చేలా మడిచి, రెండు గ్రంథాలకూ అట్టలు వేశాడు. మంచి పని చేశాననే అనుకున్నాడు.

ఆ బొమ్మ లక్ష్మీదేవి. నడుం దాకా బైబిలుకు, నడుం నుంచి కిందికి ఖురాన్‌కు వచ్చింది.

ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు ఇళ్ళకు పరుగెత్తారు.

ముందు లాల్ అహ్మద్ వచ్చాడు. కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నవాడు అలాగే వచ్చాడు. పుస్తకం తీసుకోబోయి తన చేతులు చూసుకుని ఆగాడు. ఆ చేతులతో దాన్ని ముట్టుకోలేడు. కోపంతో వచ్చిన మనిషి కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు, మొహం, కాళ్ళు కడుక్కోవాల్సి వచ్చింది. ఆయన తిరిగి వచ్చేసరికి హనుమాయమ్మ, స్కూలు కమిటీ చైర్మన్ కోటేష్ క్లాసు గదిలో ఉన్నారు. హెడ్‌మిస్ట్రెస్ నాగజ్యోతి తెల్లకాగితంతో వచ్చింది.

"ఏం చేశారండీ సంజీవరావుగారూ?"

"గౌరవించానండీ," అన్నాడాయన.

"బైబిలుకి బొట్టేంది మాస్టారూ?" అంది హనుమాయమ్మ. "నేను నా నుదుటికే మానేసి ముప్పై ఏళ్ళయింది."

"నీది తుడిస్తే పోద్దమ్మా," అన్నాడు కోటేష్. "మా లక్ష్మీదేవిని నడుమ్మీదికి చించాడు. అతికిస్తే అతుకుద్దా?"

లాల్ అహ్మద్ అట్ట ఊడదీసి, ఆ మరకను చూస్తూ నిలబడ్డాడు. అది సంజీవరావుకు తిట్టుకన్నా ఎక్కువైంది.

"ముగ్గురూ ఫిర్యాదు రాసివ్వండి. ఇవాళే పైకి పంపుతాను," అంది నాగజ్యోతి.

కొడుక్కి క్యారేజీ తెచ్చిన వెంకటరావమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"వాడినెందుకంటారు? పెట్టింది నేను. ఇంటికొచ్చిన ఆడపడుచునే బొట్టు పెట్టకుండా పంపం. దేవుడి పుస్తకాన్ని ఉత్తినే పంపుతానా?"



"పెద్దమ్మా, మా దాంట్లో ఇయ్యేం ఉండవు," అన్నాడు లాల్ అహ్మద్.

"మరి ఏం ఉంటయ్యి?"

ఆ ఊళ్ళో ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. తడబడి, "మాస్టారు చెప్తారు," అన్నాడు.

సంజీవరావు గొంతు సవరించుకున్నాడు. "దేవుడు ఒక్కడే అని వాళ్ళ విశ్వాసం. రూపం లేదు. అందుకే బొమ్మ పెట్టరు."

"ఆ ముక్క నాకు నిన్న చెప్పొద్దంట్రా?" అంది తల్లి.

"ఆయన పంపిన ప్రవక్తల్లో ఇబ్రాహీం, మూసా, ఈసా ఉన్నారు. ఆఖరి ప్రవక్త ముహమ్మద్."

"ఈసా ఎవరు?" అంది హనుమాయమ్మ.

"యేసే."

"మా యేసా?" ఆమె బెంచీ మీద కూలబడింది.

"మర్యం పేరు మీద ఒక అధ్యాయమే ఉంది. మీ మరియమ్మ," అన్నాడు లాల్ అహ్మద్.

"ఇన్నాళ్ళూ చెప్పలేదే. మరి దేవుని కుమారుడని ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోం. ప్రవక్త అంటాం."

"అయితే మీకు సగమే తెలుసు."

"మీరు సగం కలిపి చెప్తున్నారు."

కోటేష్ ముందుకు వంగాడు. "ఇంతకీ మా లక్ష్మీదేవి ఏ దాంట్లోనైనా ఉందా?"

"పొద్దున రెండిటి మీదా ఉంది," అంది హనుమాయమ్మ.

నవ్వింది కోటేషే. నవ్వి, తప్పుచేసినవాడిలా మూతి తుడుచుకున్నాడు. తర్వాత ఇంకో ప్రశ్న అడిగాడు. వీధిలో ఉన్నవాళ్ళూ లోపలికి వచ్చారు. కూర్చునే చోటు చాలక, తిరిగొచ్చిన పిల్లల్ని ఆడుకోమని బయటికి పంపారు. సంజీవరావు ఉపవాసం, దానం, సువార్త, కొండమీది ప్రసంగం, అన్నీ చదివి వినిపించాడు. సర్వీసులో ఎన్నడూ అంత బాగా చెప్పలేదు. ఇంటి గంట కొట్టేదాకా ఒక్కరూ లేవలేదు.

నాగజ్యోతి కాగితం ముందుకు జరిపింది.

"పెద్దమ్మ మీద సంతకం ఎట్లా పెడతామండీ," అన్నాడు లాల్ అహ్మద్. పుస్తకాన్ని గుండెకు ఆనించుకున్నాడు. "ఖాజాబీ ఉంటే మాత్రం నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు."

హనుమాయమ్మ కూడా పెట్టలేదు. కోటేష్ లక్ష్మీదేవి ముక్కలు రెండూ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. సంజీవరావు ఆ రోజు మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు.

పుకారు విన్న మండల విద్యాధికారి సోమవారం దిగాడు. ఫిర్యాదు లేదు. వచ్చినందుకు ఏదో ఒకటి చూడాలి కనుక ఏడో తరగతిలోకి వెళ్ళాడు.

"ఖురాన్ ఎవరి గ్రంథం?"

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు.

"మా అమ్మది సార్," అంది మెహర్.

"బైబిలు?"

"హనుమాయమ్మది సార్," అంది క్లాసంతా ఒక్క గొంతుతో.

సంజీవరావుకు మెమో వచ్చింది, పాఠం చెప్పనందుకు.