గడ్డం గీస్తూ చెప్పిన సాక్ష్యం

ఆ ఉదయం బావ వేసుకున్న పథకం చాలా చిన్నది. దుకాణం తెరిచి ఒకటి రెండు గడ్డాలు గీయాలి. పదింటికల్లా మైదానం పక్కనున్న లీగ్ ఆఫీసుకు వెళ్లి, పోయిన ఆదివారం రిఫరీ పక్షపాతం చూపించాడని విచారణలో గట్టిగా చెప్పి రావాలి. అంతే.

బావ అన్నది ఆయన పేరు కాదు. ఎర్రచొక్కాల ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్‌కు ఆయన అక్క మొగుడు. ఒకసారి కెప్టెన్ మైదానంలోంచి "బావా!" అని కేకేశాడు. అప్పటి నుంచి ఆయన అభిమానులందరికీ బావ అయిపోయాడు. ఆయన కంటే పెద్దవాడైన బేకరీ ఆయన కూడా అలాగే పిలుస్తాడు.

ఆదివారం జరిగింది ఇది. ఆట ముగిసే వేళకు రిఫరీ నీలం చొక్కాల జట్టుకు పెనాల్టీ ఇచ్చాడు. ఎర్రచొక్కా ఆటగాడి చేతికి బంతి తగిలిందన్నాడు. గోల్ పడింది. కెప్టెన్ పరుగున వెళ్లి రిఫరీని గుండెల మీద చెయ్యి వేసి నెట్టాడు, ఎర్రకార్డు అందుకున్నాడు. రిఫరీది తప్పని తేలితే క్రమశిక్షణ సంఘం కెప్టెన్‌ను మందలించి వదిలేస్తుంది. లేకపోతే మూడు ఆటలు బయట కూర్చోవాలి. రిఫరీ మీద ఫిర్యాదు చేసింది బావే. మొదటి సాక్షీ ఆయనే.

"మా తమ్ముడి పరువు మీ నోట్లో ఉంది. అక్కడికెళ్లి నీళ్లు నమలకండి," అంది భార్య, గుమ్మం దాకా వచ్చి.

"నేనా? ఆ రిఫరీని ఉతికి ఆరేసి వస్తాను, చూడు!"

దుకాణం తెరవగానే ఒక కొత్త మనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. బట్టతల, గుబురు మీసం. "గడ్డం చెయ్యండి. పదింటికి పనుంది," అని తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. బావ ఆయన ముఖమంతా నురగ పట్టించాడు.

అంతలో బేకరీ ఆయన వచ్చాడు. "బావా, అన్నీ గుర్తున్నాయా? బంతి తగిలింది భుజానికి."

"భుజం కూడా కాదు, ఛాతీ! వాడికి కళ్లుంటే కదా! నీలం చొక్కా కనిపిస్తే చాలు, వాడి ఈల దానంతటదే మోగుతుంది," అంటూ బావ కత్తిని గాలిలో ఊపాడు.

నురగలోంచి "ఊఁ" అని వినిపించింది. ఈయన కూడా మనవాడేనని బావకు ఉత్సాహం వచ్చింది. రిఫరీని, రిఫరీకి చదువు చెప్పినవాళ్లను, ఈల తయారుచేసినవాణ్ణి కూడా వదిలిపెట్టలేదు.

అదే సమయానికి బస్సు డ్రైవరుగా పనిచేసే ఇంకో అభిమాని డ్యూటీకి వెళ్తూ తల లోపలికి పెట్టాడు. అద్దంలోకి చూడగానే అతని ముఖం పాలిపోయింది. బావను చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి లాగాడు.

"కుర్చీలో ఎవరనుకుంటున్నావ్ బావా? ఆ గుండు, ఆ మీసం... రిఫరీ!"

"నురగ పూస్తే ఎవరైనా అలాగే ఉంటారు."

"నేను గోల్ వెనకాలే కూర్చున్నా. ఆ మీసాన్ని చచ్చినా మర్చిపోను!"

బావ తన చేతిలోని కత్తి వైపు చూసుకున్నాడు. ఈయన ఇప్పుడు నేరుగా విచారణకు వెళ్లి, 'మెడ మీద కత్తి పెట్టి నన్ను తిట్టారు' అని చెబితే? అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. బావమరిదితో పాటు జట్టంతా వీధిన పడుతుంది. కత్తిని మెల్లగా వీపు వెనక్కి దాచాడు.

మళ్లీ కుర్చీ దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "ఎవరి మీదా అభాండం వెయ్యకూడదండీ. నిదానంగా ఆలోచిస్తే, బంతి చేతికి తగిలినట్టే ఉంది."

బేకరీ ఆయన నోరు తెరిచాడు. "ఇప్పుడేగా ఛాతీ అన్నావు?"

"ఛాతీ మీద నుంచి చేతికి," అని బావ కన్ను కొట్టాడు.

"కంట్లో ఏమన్నా పడిందా?"

డ్రైవరు ఆయన కాలు తొక్కి, చెవిలో సంగతి ఊదాడు. బేకరీ ఆయన తెల్లబోయాడు. ఆయన భయం ఆయనది. ఆదివారం రిఫరీ వీపుకు తగిలిన బన్ను ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

"అయ్యా, ఆ బన్ను నేను విసరలేదండీ. చేతిలోంచి జారింది."

"మైదానం మధ్య దాకానా?" నురగ మొదటిసారి మాట్లాడింది.

"మెత్తటి బన్నేనండీ! పొద్దున కాల్చిందే. మా దగ్గర నిల్వ సరుకు ఉండదు."

"మరి కెప్టెన్ సంగతి?"

"మా బావమరిదాండీ? మనసు వెన్న," అన్నాడు బావ. "చెయ్యే మనసు కంటే ముందు వెళ్తుంది. మా పెళ్లిలో ఫోటోలు తీసేవాణ్ణి కూడా నెట్టేశాడు. రిఫరీని నెట్టడం ముమ్మాటికీ తప్పేనండీ."

"పక్షపాతం మాటేమిటి?"

"ఛ ఛ, ఎవరన్నారండీ?"

"మీరే, ఇందాక."

"అది అభిమానమండీ. జట్టు ఓడాక రిఫరీని తిట్టుకోవడం తిన్నది అరగడానికి నడిచినట్టు. ఆరోగ్యం కోసం."

పని ముగిసింది. తువ్వాలు తీయగానే ఆ పెద్దమనిషి లేచి, నున్నటి చెంప తడుముకుని సంతృప్తిగా తల ఊపాడు. "మంచి పని చేశారు. పదింటికి మిమ్మల్నందరినీ విచారించాలి, మధ్యాహ్నం దాకా పడుతుందని భయపడ్డాను. ఇక్కడే తేలిపోయింది."

"మీరు... రిఫరీ కదండీ?"

"నేనా? నాలుగు మెట్లెక్కితే ఆయాసం నాకు. క్రమశిక్షణ సంఘంలో సభ్యుణ్ణి. ముందే చెబుదామనుకున్నా, నోరు తెరిస్తే నురగ లోపలికి పోతోంది."

డ్రైవరుకు ఉన్నట్టుండి తన బస్సు గుర్తొచ్చింది.

పదింటికి విచారణలో బావ మరొకసారి "ఛాతీ..." అని మొదలుపెట్టాడు. బల్ల అవతల ఆ పెద్దమనిషి చెంప ఒకసారి నిమురుకున్నాడు. బావ కూర్చుండిపోయాడు. కెప్టెన్‌కు మూడు ఆటల నిషేధం పడింది. బేకరీ ఆయన ఇకమీదట మైదానానికి ఖాళీ చేతులతో రావాలన్నారు.

"ఏమైంది?" అని ఇంటి దగ్గర భార్య అడిగింది.

"మీ తమ్ముడికి కాస్త విశ్రాంతి దొరికింది."

ఆమె టీ గిన్నె పొయ్యి మీంచి దించేసింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఆయనకు టీ ఇవ్వలేదు. బావకు తిట్లు తినడం అలవాటే కానీ, టీ లేకుండా ఉండటం అలవాటు లేదు.

తర్వాతి ఆదివారం కెప్టెన్ బావ పక్కన మెట్ల మీద కూర్చుని ఆట చూశాడు. మైదానంలో అరిచేవాడు లేకపోయేసరికి ఆటగాళ్లు ఒకరికొకరు బంతి అందించుకోవడం మొదలుపెట్టారు. ఆ ఏడాది ఒక్కసారి కూడా గెలవని ఎర్రచొక్కాల జట్టు గెలిచింది. ఆ మరుసటి ఆట కూడా గెలిచింది. మూడోది నీలం చొక్కాల మీద. అదీ గెలిచింది.

"బావా," అన్నాడు కెప్టెన్, మోకాళ్ల వైపు చూస్తూ. "నేను ఇంకో రెండు ఆటలు ఇక్కడే కూర్చోనా?"

బావ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ సాయంత్రం ఆయన అడక్కుండానే భార్య టీ ఇచ్చింది.

మర్నాడు నీలం చొక్కాల అభిమానులు క్రమశిక్షణ సంఘానికి ఫిర్యాదు చేశారు: ఎర్రచొక్కాల కెప్టెన్‌ను ఆడకుండా ఆపి, సంఘం ఆ జట్టు పట్ల పక్షపాతం చూపించిందని.